నేను నమ్మని నొప్పి

మా తోటికోడలు నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. టేక్మాల్ దగ్గరి ఒక పల్లె నుంచి ఆమె మెదక్‌లోని మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నేను అల్లాదుర్గ్ హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్‌ని. పొద్దున ఏడున్నరకు బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరయ్యేది. మా ఆయన, మరిది కలిసి బోరు మోటార్ల దుకాణం చూసుకునేవాళ్లు. అత్తమ్మకు అప్పటికే చూపు మందగించింది. వంట, అత్తమ్మ స్నానం, నా ఇద్దరు ఆడపిల్లల టిఫిన్ డబ్బాలు, వాళ్ల జడలు అన్నీ కొత్త కోడలి చేతిలోకి వెళ్లిపోయాయి. ఎవరూ కూర్చుని పంచలేదు. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి అలా జరిగిపోయింది. నేనామెను చెల్లె అని పిలిచేదాన్ని.

రెండో కాన్పు తర్వాత ఆమెకు నొప్పులు మొదలయ్యాయి.

"ఒళ్లంతా నొస్తున్నదక్కా," అనేది.

"ఎక్కడ?"

"గిక్కడ అని చెప్పరాదు. పొద్దుగాల లేస్తే ఒళ్లంతా దంచినట్టుంటది. జరసేపటికి చేతులకు దిగుతది. మళ్ల నడుముకు."

మరిది ఆమెను చాలా దవాఖానలకే తిప్పాడు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, థైరాయిడ్, యూరిక్ యాసిడ్. ఇంట్లో ఇంగ్లిష్ వచ్చినదాన్ని నేనే కనుక రిపోర్టులు నా దగ్గరికే వచ్చేవి. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క కాగితం తిప్పి, అందరూ వింటుండగా "అన్నీ నార్మలే" అని చెప్పేదాన్ని. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో సంతోషం కంటే తీర్పే ఎక్కువగా ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆమె మాత్రం కాగితాలన్నీ మళ్లీ కవర్‌లో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది.

నేను చెడ్డదాన్ని కాదనే అనుకునేదాన్ని. ఆమె పిల్లలకు బట్టలు కొనేదాన్ని, జ్వరమొస్తే మందులు తెచ్చేదాన్ని. కానీ జ్వరానికి థర్మామీటరు ఉంది. ఈ నొప్పికి ఏ కొలతా లేదు. కొలతకు దొరకనిదాన్ని నేను నమ్మలేదు. ఒక బతుకమ్మ పండుగకు వాడకట్టు ఆడవాళ్లంతా మా వాకిట్లో తంగేడు పూలు, గునుగు పూలు ముందేసుకుని కూర్చున్నారు. ఆమె కింద కూర్చోలేక కుర్చీ తెచ్చుకోబోయింది.

"పని అనంగనే నొప్పి యాదికొస్తది మా చెల్లెకు," అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కుర్చీ అక్కడే వదిలేసి, గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగి మా మధ్య కూర్చుంది. ఆ రోజు బతుకమ్మ చాలా ఎత్తుగా పేర్చామని అందరూ మెచ్చుకున్నారు.

నేను చేసినవాటిలో అన్నిటికంటే పెద్దది ఆ మాట కాదు. మా చిన్నమ్మాయి పదో తరగతి పరీక్షలు రాస్తున్న మార్చి నెలలో ఆమె కుడి మోకాలు ఉన్నట్టుండి వాచింది. ఎర్రగా, వేడిగా, చీర అంచు తగిలినా ఓర్చుకోలేనంతగా. మరిది పరేషాన్ అయి, హైదరాబాదులో ఒక పెద్ద ఎముకల డాక్టరు దగ్గర సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. రెండు మూడు రోజులు అక్కడే ఉండాల్సి రావచ్చని చెప్పారట. నాకు మరో స్కూల్లో పరీక్షల డ్యూటీ పడింది. అత్తమ్మను ఒంటరిగా వదలలేం. పిల్లకు వేళకు అన్నం పెట్టాలి.

"పరీక్షలు అయినంక పోదురు తియ్యి," అన్నాను మరిదితో. "పది దినాలల్ల ఏమైతది? వాపేనాయె, కాపడం పెడితె తగ్గుతది."

అతను వాళ్లన్న వైపు చూశాడు. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. చివరికి ఆమే అంది, "అక్క చెప్పింది నిజమే. పిల్ల పరీక్షలు కానియ్యి, తర్వాత పోదం."

ఆ పది రోజులూ ఆమె వాచిన కాలు ఈడ్చుకుంటూనే నా బిడ్డకు పొద్దున చాయ్, మధ్యాహ్నం వేడి అన్నం, కళ్లు మూతలు పడుతుంటే మజ్జిగ ఇచ్చింది. పరీక్షలు అయిపోయేసరికి వాపు దానంతటదే దిగిపోయింది. ఆ తర్వాత హైదరాబాదు వెళితే, డాక్టరు మోకాలు అటూ ఇటూ వంచి చూసి, ఇప్పుడేమీ కనిపించడం లేదు, వాపున్నప్పుడు రావాల్సింది అన్నాడు. విటమిన్లు రాసి, మనసు ప్రశాంతంగా పెట్టుకొమ్మని పంపాడు. ఆ చీటీ కూడా నేనే చదివాను.

అత్తమ్మ పోయాక నేనే మాట ఎత్తి రెండు వంటిళ్లు చేయించాను. మేం పైన, వాళ్లు కింద. పని చేయని మనిషితో పొత్తు కుదరదని మా ఆయనతో అన్నాను. అప్పటికి పద్దెనిమిదేళ్లు ఆమె చేతి వంట తిన్నాను.

చాలా ఏళ్లకు హైదరాబాదులోనే మరో డాక్టరు ఆ జబ్బుకు ఫైబ్రోమయాల్జియా అని పేరు పెట్టాడు. ప్రాణానికి ప్రమాదం లేదు, పూర్తిగా పోదు, అలవాటు చేసుకోవాలి అన్నాడట. ఆమె ఆ పేరును పిల్లల నోట్‌బుక్ కాగితం మీద తెలుగులో రాసుకుని పర్సులో పెట్టుకుంది. పేరు దొరికినందుకే ఆమె ముఖం కొంచెం తేటపడిందని మరిది చెప్పాడు. నేను ఆ పేరును కూడా సగమే నమ్మాను.

ఆమె అన్నగారి బిడ్డ జర్మనీలో నర్సు. సెలవు మీద వచ్చినప్పుడు ఒకరోజు మా ఇంట్లో ఉంది. ఆ రోజు మేనత్త మణికట్టు, మోకాలు వాచి ఉన్నాయి. ఆ అమ్మాయి రెండూ చేత్తో పట్టి, నొక్కి, మెల్లగా వంచి చూసింది.

"అత్తా, ఫైబ్రోమయాల్జియాకు నొప్పి ఉంటది గని గిట్ల వాపు రాదు," అంది చివరికి. "దాంతోని ఇంకోటేదో ఉన్నది. మా దవాఖానల ఒక డాక్టరమ్మ ఉన్నది. కీళ్లల్ల సున్నపు పలుకుల్లాంటివి పేరుకుంటయి గద, అవ్వే చూస్తది. నువ్వొకసారి రా."

వెంట ఎవరు వెళ్లాలన్నది సమస్య అయింది. మరిదికి మూడు నెలల కిందటే గుండె ఆపరేషన్ అయింది. ఆమె పిల్లలకు కొత్త ఉద్యోగాలు, సెలవు దొరకదు. నేనప్పుడే రిటైరయ్యాను. శ్రీలంక యాత్ర కోసం తీసుకున్న పాస్‌పోర్టు ఉంది, ఇంగ్లిష్ ఉంది. ఆమె ఒక మధ్యాహ్నం రెయిలింగ్ పట్టుకుని, రెండు మెట్లకోసారి ఆగుతూ పైకి వచ్చింది.

"అక్కా, నా వెంబడి వస్తవా?"

వస్తానన్నాను. ఆమె మీద జాలితోనే అన్నానని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ ఆ క్షణంలో నాకు మనసులో మెదిలింది విమానం, మంచు, ఎన్నడూ చూడని దేశం.

వీసా కోసం హైదరాబాదు వెళ్లినప్పుడు వేలిముద్రల మిషన్ మీద ఆమె వేళ్లు సరిగా పడలేదు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి "గట్టిగా నొక్కండి మేడమ్" అని నాలుగైదు సార్లు అంది. ఆమె నొక్కింది. ముఖంలో మార్పేమీ లేదు. కానీ నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి, భుజం నుంచి మణికట్టు దాకా చెయ్యి వణకడం చూశాను. ఆ చేత్తోనే ఆమె మా ఇంట్లో పిండి పిసికింది, బట్టలు పిండింది. ముప్పై ఏళ్లలో ఆమె చేతిని నేనంత దగ్గరగా చూడడం అదే మొదలు.

జర్మనీలో మేం దిగింది నవంబరులో. నాలుగున్నరకే పొద్దుగూకేది. మేనకోడలి ఇల్లు రెండు గదులది. డాక్టరమ్మను కలవడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. మేనకోడలు డ్యూటీకి వెళితే ఇంట్లో మేమిద్దరమే. వంట నేను చేశాను. పప్పు, వంకాయ కూర చేసి ఆమె ముందు కంచం పెట్టినప్పుడు ఆమె తినకుండా అలాగే చూస్తూ కూర్చుంది.

"ఏమైంది? ఉప్పెక్కువైందా?" అన్నాను.

"ఇంకా తిననేలే అక్కా. నువ్వు వడ్డిస్తే కూసుని తినుడు గిదే మొదలు. జర కొత్తగున్నది."

ఒకే గదిలో పడుకోవడంతో ఆమె పొద్దున ఎలా లేస్తుందో అప్పుడే చూశాను. మంచం అంచున కూర్చుని పిడికిళ్లు మూస్తుంది, తెరుస్తుంది. మళ్లీ మూస్తుంది. పాదాలు నేల మీద ఆనించి తీసేస్తుంది. అరగంట, ఒక్కోసారి గంట. ఆ తర్వాతే నిలబడుతుంది.

"ఎన్నేండ్ల సంది గిట్ల?" అని అడిగాను.

"పెద్దోడు బడికి పోవట్టినప్పటి సంది."

"మరి ఇంట్ల నేను లేచేసరికే చాయ్ అయితుండె గద?"

"నాలుగింటికే లేస్తుంటి అక్కా. గంటసేపు గిట్ల చేస్తేనే చేతులు ఆడుతయి. నువ్వు లేచేసరికి సాఫ్ అయితుంటి."

పద్దెనిమిదేళ్లు ఒకే వంటింటి చాయ్ తాగిన నాకు ఈ గంట సంగతి తెలియదు. ఆ రోజు చాయ్ నేను పెట్టాను.

డాక్టరమ్మకు అరవై దగ్గర ఉంటాయి. తెల్లజుట్టు కత్తిరించుకుని ఉంది, ఇంగ్లిష్ నెమ్మదిగా మాట్లాడింది. మేనకోడలికి ఆ రోజు వార్డులో డ్యూటీ ఉండడంతో మాటలు అటూ ఇటూ చేరవేసే పని నాకే పడింది. డాక్టరమ్మ చెల్లె కీళ్లు ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసింది. తొందరపడలేదు. ఎప్పుడు మొదలైంది, పొద్దున ఎంతసేపు పడుతుంది, నిద్ర పడుతుందా అని అడుగుతూ పోయింది. నేను తెలుగులో అడిగి, చెల్లె చెప్పింది ఇంగ్లిష్‌లో చెప్పాను. పాఠం చెప్పినట్టే ఉంది, చక్కగా సాగింది.

తర్వాత మోకాలి దగ్గర ఆగి, "ఈ వాపు మొదటిసారి ఎప్పుడు వచ్చింది?" అని అడిగింది.

"ఇరవై ఏండ్ల కింద ఒకసారి," అంది చెల్లె.

"అప్పుడు మోకాలిలోంచి నీరు తీసి పరీక్ష చేశారా?"

"లేదు. అప్పుడు పోలే దవాఖానకు."

"ఎందుకు వెళ్లలేదు?"

ఈ ప్రశ్నను నేను తెలుగు చేయడానికి ఆలస్యమైంది. అంతకుముందు ప్రశ్నలకు నాకంత సమయం పట్టలేదు కాబట్టి డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను అడిగాను. చెల్లె నా ముఖంలోకి చూడలేదు. మోకాలి మీది దుప్పటి సరిచేసుకుంటూ అంది:

"ఇంట్ల పనుండె అని చెప్పక్కా."

నేను అదే చెప్పాను. ఇంట్లో పని ఉండింది అని. డాక్టరమ్మ తల ఊపి రాసుకుంది. పని కాదు, నేను ఆపాను అని చెప్పడానికి ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు చాలు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు ఆ భాషే నేర్పాను. ఆ నాలుగు మాటలు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. అప్పటికి డాక్టరమ్మ తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

మోకాలికి సూది గుచ్చి కొంచెం నీరు తీశారు. గాజు పలక మీద ఒక చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టి, మమ్మల్ని కూడా రమ్మని తెర మీద చూపించారు. నల్లటి తెర మీద సన్నటి చిన్న చిన్న పలుకులు, కొన్ని నీలంగా, కొన్ని పసుపుగా. పంచదార పొడిలో విరిగిన ముక్కల్లా ఉన్నాయి. ఇవి క్యాల్షియం పలుకులు, కీలులో పేరుకుని రాపిడి పెడుతున్నాయి అంది డాక్టరమ్మ.

చెల్లె తెర ముందు చాలాసేపు నిలబడింది.

"గివ్వి నా కాళ్లల్లయేనా?"

"నీవే."

"ఫోన్ల ఫోటో తీసుకోనిస్తరా అడగక్కా. ఇంట్ల సూపిస్త."

ఆమె జబ్బు నయమవుతుందా అని అడగలేదు. మొదట అడిగింది ఫోటో. డాక్టరమ్మ నవ్వి సరే అంది. చెల్లె చెయ్యి కదలడంతో మూడుసార్లు మసకగా వచ్చింది. నాలుగోసారి ఫోన్ నేను తీసుకుని తీశాను.

రెండు రోజుల తర్వాత మిగతా పరీక్షలు వచ్చాక డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ఇంత చిన్న వయసులో పలుకులు పేరుకోవడం అరుదు. ఆమె రక్తంలో మెగ్నీషియం బాగా తక్కువగా ఉంది, బహుశా అదే కారణం. ఫైబ్రోమయాల్జియా కూడా నిజమే. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది అబద్ధం కాదు. ఏళ్ల తరబడి కీళ్ల నుంచి నొప్పి పోతూ ఉంటే నరాలు ఆ నొప్పిని నేర్చుకుంటాయి. ఈ పరీక్షకు ఇంత దూరం రావాల్సిన అవసరం కూడా లేదు, మీ దేశంలో ఏ పెద్ద ఆసుపత్రిలోనైనా చేస్తారు, వాపున్నప్పుడు సూదితో నీరు తీస్తే చాలు అంది.

నేను అప్పుడు, చెల్లెతో చెప్పకుండా, నా అంతట నేను ఒక ప్రశ్న అడిగాను. ఇరవై ఏళ్ల కిందటే ఇది తెలిసి ఉంటే ఎలా ఉండేది?

"కచ్చితంగా చెప్పలేను," అంది డాక్టరమ్మ. "కానీ ఇంత బాధ పడాల్సిన అవసరం ఉండేది కాదనుకుంటాను. పలుకుల్ని ఇప్పుడైనా శాంతపరచవచ్చు. నరాలు నేర్చుకున్న నొప్పి మాత్రం మెల్లగా, కొంతవరకే తగ్గుతుంది."

"ఏమడిగినవక్కా?" అంది చెల్లె.

"మందులు ఎన్ని దినాలు వాడాలె అని అడిగిన."

"ఏమన్నది?"

"చాలా దినాలు వాడాలంట."

ఆమె తల ఊపింది. ఆమె బిడ్డ ఇంగ్లిష్ మీడియంలో చదివింది, ఇంట్లో టీవీ ఉంది. నా ప్రశ్నలో ఆమెకు ఎంత అర్థమైందో నేనెప్పుడూ అడగలేదు.

మూడు వారాలు అక్కడే ఉండి వైద్యం చేయించుకున్నాం. ఒక చిన్న మాత్ర, మెగ్నీషియం, నిద్ర కుదిరేందుకు ఇంకొక మాత్ర, రోజు విడిచి రోజు వేడినీళ్ల కొలనులో వ్యాయామం. కొలనుకు వేసుకునే బట్టలు చూసి మొదటి రోజు ఆమె సిగ్గుతో బయటికే రాలేదు. మేనకోడలు వెతికి మోకాళ్ల దాకా, మోచేతుల దాకా ఉండేది తెచ్చింది. నీళ్లలో దిగి, కడ్డీ పట్టుకుని, కాళ్లు మెల్లగా పైకి లేపింది. గట్టు మీద కుర్చీలో ఉన్న నా వైపు తిరిగింది.

"అక్కా, నీళ్లల్ల నాకు బరువే లేదు," అంది. చిన్నపిల్లలా కాళ్లు ఆడిస్తూ నవ్వింది. ఆమె అట్లా నవ్వడం పెళ్లయిన కొత్తలో చూశానేమో, గుర్తు లేదు.

మెదక్ తిరిగి వచ్చాక ఆ చీటీ పట్టుకుని బస్టాండు దగ్గరి మెడికల్ షాపుకు నేనే వెళ్లాను. దొరకదేమో, హైదరాబాదు పోవాలేమో అనుకున్నాను. షాపాయన చదివి, వెనక్కి తిరిగి, పై అరలోంచి డబ్బా తీశాడు.

"గిది పాత మందేనమ్మా. నేను దుకాణం పెట్టినప్పటి సంది ఉన్నది," అన్నాడు.

చెల్లె ఆ ఫోటో మరిదికి చూపించింది, పిల్లలకు చూపించింది, పాలు పోసే ఆమెకు, పక్కింటి వాళ్లకు చూపించింది. ఎవరికీ అందులో ఏముందో పెద్దగా అర్థం కాలేదు. "గీ నీలంగ ఉన్నయి గద, గవ్వే," అని వేలు పెట్టి చూపేది. ఒకసారి ఫోన్ ఆపేసి, "అత్తమ్మ ఉంటే సూపెడుదు," అంది. అత్తమ్మ చివరిదాకా ఆమెను సోమరి అనే అనుకుంది. ఆ మాట అత్తమ్మ చెవిన వేసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం కిందికి వెళ్లాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. నేనూ కొన్ని తీసుకుని తుంచడం మొదలుపెట్టాను.

"మోకాలు వాచినప్పుడు ఆ సోమవారం నిన్ను హైదరాబాదు పోనియ్యకుండ ఆపింది నేనే," అన్నాను.

"నాకెరికే గదక్కా."

"మరి డాక్టరమ్మకు పనుండె అని ఎందుకు చెప్పమన్నవు?"

"ఊరు గాని ఊర్ల, మన ఇంటి ముచ్చట ఆమెకెందుకు?" అంది. కాసేపటికి మళ్లీ అంది, "పనుండుడు గూడ నిజమే గద."

క్షమించమని అడగాలని వెళ్లాను. మా వైపు ఇళ్లలో ఆ మాట ఎవరూ ఎవరితో అనరు, ఎట్లా అనాలో నాకూ తెలియదు. దానికి బదులు, మళ్లీ ఒకే పొయ్యి పెట్టుకుందాం, ఇప్పుడు ఇంట్లో ఉండేది నేనే కదా, వంటంతా నేనే చేస్తాను అన్నాను.

ఆమె చేతిలోని కాయ తుంచడం పూర్తి చేసింది.

"వద్దక్కా," అంది. కోపం లేదు, బాధ కూడా లేదు ఆ గొంతులో. "నొచ్చిననాడు మెత్తగ పడుకుంట, నొయ్యనినాడు వండుకుంట. ఎందుకు లేవలేదో ఎవ్వలకు చెప్పే పని లేదు. నాకు గిదే మంచిగున్నది."

గిన్నె తీసుకుని లోపలికి వెళ్లి, నాకు చాయ్ పెట్టి ఇచ్చింది. తాగి పైకి వచ్చేశాను.

ఇది జరిగి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో మోకాలు రెండుసార్లే వాచింది, రెండుసార్లూ నాలుగు రోజుల్లో తగ్గింది. చేతులు మునుపటికంటే తొందరగా కదులుతాయని మరిది అంటాడు. ఒళ్లు నొప్పులు మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టే కొంత తగ్గి, అక్కడే నిలిచిపోయాయి. వాన మబ్బు పడితే, ఇంటికి నలుగురు వచ్చిపోతే మళ్లీ పడుకుంటుంది. జర్మనీ నుంచి డాక్టరమ్మ ఆరునెలలకోసారి కంప్యూటర్‌లో మాట్లాడుతుంది. ఇప్పుడు మాటలు చేరవేసేది ఆమె కూతురు.

బాగున్న రోజుల్లో పొద్దున ఇద్దరం చర్చి మైదానం దాకా నడిచి వస్తాం. పెద్దగా మాట్లాడుకోం. కూరగాయల సంగతి, పిల్లల సంగతి. కొన్ని పొద్దులు నేను కిందికి దిగేసరికి ఆమె తలుపు మూసే ఉంటుంది. మునుపైతే తలుపు కొట్టేదాన్ని, ఇంకా లేవలేదా అని మెట్ల మీదినుంచే అనేదాన్ని. ఇప్పుడు చెప్పులు చప్పుడు కాకుండా వేసుకుని, గేటు మెల్లగా దగ్గరికి వేసి, ఒక్కదాన్నే వెళ్లి వస్తాను.